మొదటి మూడు నిమిషాలు ఎవరివి?

లాస్ వేగస్ లాంటి చోట్ల ఉన్న జూదశాలల్లో ప్రతి బల్ల మీదా కెమెరా కన్ను ఉంటుంది. మోసగాళ్లను పట్టుకోవడానికి పెట్టిన ఆ కెమెరాలు 1990ల చివర్లో వైద్యశాస్త్రానికి అనుకోని మేలు చేశాయి. మనిషి ఏ క్షణాన కుప్పకూలాడో, అతని గుండెకు మొదటి విద్యుత్ షాక్ ఏ క్షణాన అందిందో మామూలుగా అయితే అంచనా వేసి చెప్పాల్సిందే. అక్కడ మాత్రం చాలావరకు గడియారం చూసి చెప్పగలిగారు. ఆ షాక్ ఇచ్చినవాళ్లు డాక్టర్లు కారు, నర్సులు కారు. జూదశాలల్లో పనిచేసే సెక్యూరిటీ గార్డులు. ఛాతీ నొక్కడం, ఏఈడీ అనే చిన్న షాక్ యంత్రాన్ని వాడటం వాళ్లకు కొన్ని గంటల్లో నేర్పారు. 2000లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. గుండె లయ పూర్తిగా చెదిరి పడిపోయిన 105 మందిలో 53 శాతం మంది ప్రాణాలతో ఆసుపత్రి దాటి ఇంటికి వెళ్లారు. పడిపోవడం ఎవరైనా చూసి, మూడు నిమిషాల్లోపు షాక్ అందినవాళ్లలో 74 శాతం బతికారు. మూడు నిమిషాలు దాటినవాళ్లలో 49 శాతం.

అంబులెన్స్ వ్యవస్థ గట్టిగా ఉన్న అమెరికాలోనే ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్లలో బతికి బయటపడేది సుమారు పది శాతం. ఈ పదినీ ఆ యాభై మూడునూ పక్కపక్కన పెట్టి గుండెలు బాదుకోవడం పూర్తిగా న్యాయం కాదు. పది శాతం లెక్కలో ఒంటరిగా ఇంట్లో పడిపోయి గంట తర్వాత కనపడినవాళ్లూ ఉన్నారు, షాక్‌కు లొంగని రకంగా గుండె ఆగినవాళ్లూ ఉన్నారు. జూదశాలల లెక్క షాక్‌కు లొంగే రకానిది మాత్రమే. అయినా 74కీ 49కీ మధ్య తేడా అదే గుంపులో, అదే గార్డుల చేతుల్లో వచ్చింది. ఆ తేడాలో పెద్ద పాలు కాలానిదే. మూడు నిమిషాల్లో ఏ నగరంలోనూ అంబులెన్స్ మెట్లెక్కి పైఅంతస్తుకు రాదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ ట్రాఫిక్‌ను చీల్చుకుని, గేటు దగ్గర వాకబు చేసి, లిఫ్టు కోసం నిలబడి రావలసిన బండిని మూడో నిమిషానికల్లా ఉండమనడం అత్యాశ. కాబట్టి ఆ నిమిషాలు పక్క కుర్చీలో ఉన్నవాడివి, గేటు దగ్గర ఉన్న గార్డువి, క్యాంటీన్‌లో టీ పోస్తున్న మనిషివి. పనిచోట గుండె ఆగితే ప్రాణం నిలవడం ఒక సాహసి దయ మీద ఆధారపడకూడదు. అది ఆ సంస్థ ముందే చేసుకున్న ఏర్పాటు మీద ఆధారపడాలి.

ఇంత తొందర ఎందుకో తెలియాలంటే లోపల జరిగేది చూడాలి. గుండెపోటులో గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోతుంది. నొప్పి, చెమట, ఆయాసం ఉంటాయి. మనిషి మాట్లాడుతుంటాడు, నడుస్తుంటాడు, ఆసుపత్రికి చేరే వ్యవధి ఉంటుంది. గుండె ఆగిపోవడంలో, అంటే కార్డియాక్ అరెస్ట్‌లో, ఆ వ్యవధి లేదు. గుండెను నడిపించే విద్యుత్ సంకేతాలు ఒక్కసారిగా చెదిరిపోతాయి. గుండె కింది గదులైన జఠరికలు ముడుచుకోవడం మాని ఊరికే వణుకుతాయి. రక్తం ఒక్క చుక్క ముందుకు కదలదు, కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. గుండెపోటు ముదిరి ఇలా కావచ్చు, పుట్టుకతో ఉన్న లోపం వల్ల కావచ్చు, కరెంటు షాక్ వల్లా కావచ్చు. ఆక్సిజన్ అందని మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినడం మొదలవుతుంది. ఎవరూ ఏమీ చేయకపోతే బతికే అవకాశం నిమిషానికి ఏడు నుంచి పది శాతం చొప్పున తరిగిపోతుందని దశాబ్దాల లెక్కలు చెబుతున్నాయి. ఎవరో ఒకరు ఛాతీ నొక్కుతూ ఉంటే ఆ తరుగు సుమారు సగానికి తగ్గుతుంది. నొక్కడం వల్ల గుండె తిరిగి కొట్టుకోవడం అరుదు. అది చేసే పని వేరు. మామూలుగా ప్రవహించే రక్తంలో పావు వంతో, మూడో వంతో మెదడుకూ గుండె కండరానికీ చేరవేస్తూ, షాక్ వచ్చేదాకా వాటిని బతికించి ఉంచుతుంది. చెదిరిన లయను సరిదిద్దేది షాక్. ఒకటి వ్యవధి కొంటుంది, రెండోది ఆ వ్యవధిని వాడుకుంటుంది. రెండింటికీ మనిషి దగ్గర్లో ఉండాలి.

ఈ విద్య పుట్టిందే పనిచోటు కోసం అన్నది చాలామందికి తెలియదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో కరెంటు తీగలు ఊరూరికీ పాకుతున్నప్పుడు స్తంభాలెక్కిన లైన్‌మెన్ షాక్ కొట్టి చనిపోతుండేవారు. ఒంటి మీద పెద్ద గాయం ఉండేది కాదు, మనిషి మాత్రం పోయేవాడు. దాని సంగతి తేల్చమని విద్యుత్ కంపెనీలే పరిశోధనలకు డబ్బిచ్చాయి. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో ఆ పని తలకెత్తుకున్న విలియం కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు, ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఆయన ప్రయోగశాలలో గై నికర్‌బాకర్ అనే యువ పరిశోధకుడు ఒక విషయం గమనించాడు. షాక్ ఇచ్చే బరువైన పలకలను కుక్క ఛాతీకి గట్టిగా అదిమినప్పుడు, కరెంటు పంపకముందే, దాని రక్తపోటు కొద్దిగా పెరిగింది. పై నుంచి అదిమితే లోపల రక్తం కదులుతుందన్నమాట. సర్జన్ జేమ్స్ జూడ్ చేయి కూడా కలిశాక ముగ్గురూ 1960లో ప్రచురించిన పత్రం, ఛాతీ కోయకుండా ఉత్త చేతులతో ఎవరైనా ఎక్కడైనా గుండెను నడిపించవచ్చని చాటింది. అప్పటిదాకా సర్జన్ కత్తి పట్టి ఛాతీ తెరిచి గుండెను చేత్తో పిండేవాడు. కార్మికుల చావులకు జవాబుగా వచ్చిన ఈ విద్యను ఆసుపత్రి సొత్తుగా చూడటం దాని చరిత్రకే విరుద్ధం. మన దగ్గర మోటారు స్టార్టర్ దగ్గర షాక్ కొట్టి పడిపోయే రైతును తలచుకుంటే ఈ చరిత్ర దూరపుదిగా తోచదు. పొలమూ పనిచోటే. అక్కడ చాలాసార్లు గుండె ఆరోగ్యంగా ఉంటుంది, చెడేది లయ ఒక్కటే. ముందు కరెంటు ఆపి, ఆ తర్వాతే మనిషిని ముట్టుకుని, వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెడితే ఆ గుండె తిరిగి దారిన పడే అవకాశం మిగతావాటికన్నా మెరుగు.

నొక్కడం కంటే గుర్తించడమే కష్టం. గుండె ఆగిన మనిషి సినిమాలోలా కన్నుమూసి నిశ్చలంగా పడి ఉంటాడనుకుంటే పొరపాటు. మొదటి నిమిషాల్లో పదిమందిలో సుమారు నలుగురికి ఎగశ్వాస వస్తుంది. నోరు తెరిచి, గురకలా, ఆగి ఆగి ఒక్కొక్క ఊపిరి ఎగబీలుస్తారు. చూసేవాళ్లు ఊపిరి ఆడుతోందని ఊరట పడతారు. నిజానికి అది మెదడు అడుగుభాగం చేసే ఆఖరి యత్నం. కొందరికి మెదడుకు రక్తం ఆగిన వెంటనే కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి. మన దగ్గర అది కనపడగానే మూర్ఛ అనుకుంటారు. ఒకరు తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు, ఇంకొకరు మొహాన నీళ్లు చల్లి తాగించబోతారు. మూర్ఛకే ఇవి పనికిరావు. గుండె ఆగినవాడి విషయంలో ఇవి మింగేసే రెండు మూడు నిమిషాలే అతని ఆయుష్షు. అందుకే ఇప్పుడు మామూలు జనానికి నాడి చూడమని చెప్పరు. కంగారులో తన చేతి నాడే ఎదుటివాడిదిగా తోస్తుంది. భుజం తట్టి గట్టిగా పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు లేదా మామూలుగా లేదు. ఈ రెండే గుర్తులు. అనుమానం ఉంటే మొదలుపెట్టడమే మేలు.

అలా మొదలుపెట్టి, ఆ మనిషికి గుండె ఆగలేదని తేలితే? ఈ భయం సహజమే. ఫోన్‌లో సూచనలు విని ఛాతీ నొక్కిన సందర్భాల్లో గుండె నిజంగా ఆగనివాళ్లను వేరుచేసి అమెరికాలో పరిశీలించారు. వాళ్లలో ఎముక విరిగినట్టు తేలింది సుమారు రెండు శాతం మందికి. లోపలి అవయవాలకు దెబ్బ తగిలినవాళ్లు కనపడలేదు. గుండె నిజంగా ఆగినవాళ్ల విషయంలో, ముఖ్యంగా పెద్దవయసువాళ్లకు, పక్కటెముకలు విరగడం మామూలే. ఐదారు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, మొత్తం ఒంటి బరువుతో ఛాతీ మధ్యలో, రొమ్ముటెముక కింది సగం మీద నొక్కితే అలాగే అవుతుంది. విరిగిన ఎముక అతుక్కుంటుంది. చాలామంది తప్పు గట్టిగా నొక్కడంలో లేదు, మెత్తగా నొక్కడంలోనూ మాటిమాటికీ ఆపడంలోనూ ఉంది. చేతిపంపు కొట్టినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నాలుగైదు దెబ్బలు వేస్తే గానీ నీరు పైకి రాదు, చేయి ఆపగానే దిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. గుండెకు రక్తమందించే నాళాల్లో పీడనం సరిగ్గా ఇలాగే మెల్లగా పెరిగి, ఆపిన మరుక్షణం పడిపోతుంది. ప్రతి నొక్కు తర్వాతా ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేకపోతే గుండెలోకి రక్తం తిరిగి చేరదు. సరిగ్గా నొక్కితే రెండు నిమిషాల్లో చేతులు పడిపోతాయి కాబట్టి మనుషులు మారాలి. ఇక్కడ ఆఫీసుకు ఇంటికంటే ఒక మేలు ఉంది. చుట్టూ పదిమంది ఉంటారు.

నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలేమోనన్న జంకు చాలామందిని వెనక్కి లాగుతుంది. హఠాత్తుగా పడిపోయిన పెద్దవాళ్లకు మొదటి నిమిషాల్లో అది అవసరం లేదు. వాళ్ల రక్తంలో అప్పటికి ఆక్సిజన్ ఉంది, దాన్ని కదిలించడమే పని. ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ 2017లో మన దేశపు మామూలు జనం కోసం తెచ్చిన పద్ధతి కూడా ఛాతీ నొక్కడం వరకే పరిమితమైంది. నీళ్లలో మునిగినవాళ్ల సంగతీ పిల్లల సంగతీ వేరు. అక్కడ ఊపిరి ఆగడం వల్లనే గుండె ఆగుతుంది కాబట్టి ఊదడం నేర్చుకున్నవాళ్లు ఊదాలి. ఇంకో జంకు గురించి మన శిక్షణల్లో ఎవరూ నోరు విప్పరు. బహిరంగ స్థలాల్లో పడిపోయిన మగవాళ్లలో 45 శాతం మందికి చుట్టుపక్కలవాళ్లు సీపీఆర్ (ఛాతీ నొక్కి ప్రాణం నిలిపే ప్రయత్నం) చేస్తే, ఆడవాళ్లలో 39 శాతానికే చేశారని 2018లో అచ్చయిన అమెరికా అధ్యయనం తేల్చింది. పరస్త్రీ ఛాతీ మీద చేయి వేయడానికి మన మగవాళ్లు అంతకంటే ఎక్కువే సంకోచిస్తారని ఊహించడానికి అధ్యయనం అక్కర్లేదు. సాధన చేయించే బొమ్మలు చాలావరకు మగ ఛాతీతోనే ఉండటం, శిక్షణకు మగవాళ్లనే పంపడం ఈ సంకోచాన్ని పెంచుతాయి. ఆడవాళ్లు పనిచేసే ప్రతి షిఫ్టులోనూ నేర్చుకున్న ఆడవాళ్లు ఉండాలి, మగవాళ్లకూ ఈ మాట విడమరిచి చెప్పాలి.

చట్టం మెడకు చుట్టుకుంటుందన్న భయం మరొకటి. రోడ్డు ప్రమాదాల విషయంలో సాయం చేసినవాళ్లకు 2016లో సుప్రీంకోర్టు, ఆ తర్వాత 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షన్ రక్షణ ఇచ్చాయి. ఆఫీసులో పడిపోయినవాడికి ఆ సెక్షన్ వర్తించదన్నది నిజమే. కానీ సమ్మతి తెలిపే స్థితిలో లేని మనిషి మేలు కోసం సదుద్దేశంతో చేసిన పనిని నేరంగా చూడకూడదన్న సూత్రం పాత శిక్షాస్మృతిలోనే ఉంది, భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షన్‌గా కొనసాగుతోంది. పనిచోటుకు విడిగా ఒక స్పష్టమైన రక్షణ చేరిస్తే ఇంకా మంచిది. అది వచ్చేదాకా ఆగడానికి మాత్రం కారణం లేదు.

బలమైన ఆక్షేపణ వేరే ఉంది. గుండె ఆగే ఘటనల్లో మూడింట రెండు వంతులకు పైగా ఇళ్లలోనే జరుగుతాయి. అలాంటప్పుడు ఆఫీసుల మీదా ఫ్యాక్టరీల మీదా ఇంత శ్రమ ఎందుకు? డెన్మార్క్ అనుభవం దీనికి జవాబు. అక్కడ 2005 నుంచి పాఠశాలల్లో, 2006 నుంచి డ్రైవింగ్ లైసెన్సు తీసుకునేవాళ్లకు ఈ శిక్షణ తప్పనిసరి చేశారు. లైసెన్సుకీ గుండెకీ సంబంధం లేదు. పెద్దవాళ్లు తప్పక వచ్చి నిలబడే చోటు అది, అంతే. 2001లో చుట్టుపక్కలవాళ్ల చేతుల మీదుగా సీపీఆర్ అందింది 21 శాతం మందికి, 2010 నాటికి అది 45 శాతానికి చేరింది. నెల రోజుల తర్వాత బతికి ఉన్నవాళ్లు 3.5 శాతం నుంచి 10.8 శాతానికి పెరిగారు. ఆ పదేళ్లలో అంబులెన్సులూ ఆసుపత్రులూ కూడా మెరుగయ్యాయి కాబట్టి పెరుగుదలనంతా శిక్షణ ఖాతాలోనే వేయలేం. అయితే స్వీడన్‌లో ముప్పై వేలకు పైగా ఘటనలను పరిశీలించి 2015లో ఇచ్చిన లెక్క కూడా ఇదే దిక్కు చూపిస్తోంది. అంబులెన్స్ రాకముందే ఎవరో ఒకరు సీపీఆర్ చేసినవాళ్లలో 10.5 శాతం, చేయనివాళ్లలో 4 శాతం నెల తర్వాత బతికి ఉన్నారు. మన దగ్గర పెద్దవాళ్లు తప్పక వచ్చి నిలబడే చోటు డ్యూటీ. ఉదయం ఆఫీసులో నేర్చుకున్న చేతులు రాత్రి ఇంట్లో పనికొస్తాయి. పనిచోట శిక్షణ వల్ల బతికేవాళ్లలో ఎక్కువమంది ఆ సంస్థ ఉద్యోగులు కాకపోవచ్చు, వాళ్ల అమ్మానాన్నలు కావచ్చు. దాన్ని వృథా ఖర్చు అనే యాజమాన్యం ఉంటే దాని లెక్కల పుస్తకం మరీ చిన్నది.

మన చట్టం చూపు వేరే దిక్కున ఆగిపోయింది. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షన్ 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె పెట్టమంది, దానికి సర్టిఫికెట్ ఉన్న బాధ్యుణ్ణి నియమించమంది, 500 మంది దాటితే అంబులెన్స్ గది ఉండాలంది. చేయి తెగడం, కాలడం, ఎముక విరగడం అప్పటి దృష్టి. కట్టుగుడ్డలూ దూదీ ఉన్న ఆ పెట్టె గోడకు వేలాడుతూ తనిఖీ రోజున దుమ్ము దులిపించుకుంటుంది. గుండె ఆగిన మనిషికి అందులో పనికొచ్చే వస్తువు ఒక్కటీ లేదు. సర్టిఫికెట్ సంగతి ఇంకా అధ్వానం. ఛాతీ నొక్కే నైపుణ్యం నేర్చుకున్న మూడు నుంచి ఆరు నెలల్లోనే మందగిస్తుందని పరిశోధనలు పదేపదే చూపాయి. సర్టిఫికెట్ మాత్రం ఏళ్లపాటు చెల్లుతుంది. బ్రిటన్‌లో మూడేళ్లు చెల్లే సర్టిఫికెట్ ఇస్తూనే ఏటా మళ్లీ ఒకసారి సాధన చేయమని అక్కడి భద్రతా విభాగం సలహా ఇస్తుంది. అదీ చాలదనే చెప్పాలి. ఏడాదికొక రోజంతా ప్రొజెక్టర్ ముందు కూర్చోబెట్టే బదులు, రెండు మూడు నెలలకొకసారి పది నిమిషాలు బొమ్మ మీద నొక్కించడం మేలు. లోతు సరిపోయిందా లేదా చప్పుడు చేసి చెప్పే బొమ్మయితే మరీ మంచిది. శిక్షకుడి పొగడ్త కంటే దాని టక్కుమనే చప్పుడు నిజాయితీగా ఉంటుంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీద పడిపోయిన మనిషి ఛాతీ నొక్కి బతికించిన వీడియో తెలుగునాట ఇంటింటా ఆడింది. ఆ మార్చిలోనే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణా కార్యక్రమం మొదలుపెట్టింది. మంచిదే. కానీ వీడియో ఒక మనిషిని హీరోని చేస్తుంది. జూదశాలల గార్డులు హీరోలు కారు, వాళ్లకు డ్యూటీ పడింది. ఎవరు నొక్కాలి, ఎవరు యంత్రం తేవాలి, ఎవరు వైర్‌లెస్‌లో చెప్పాలి అన్నది ముందే తేలిపోయింది. షికాగో విమానాశ్రయాల్లో ఏఈడీలను చురుగ్గా నడిస్తే అరవై నుంచి తొంభై సెకన్లలో చేరుకునేంత దూరంలో అమర్చారు. రెండేళ్లలో లయ చెదిరి పడిపోయిన 18 మందిలో 11 మందిని బతికించగలిగారు. ఆ పదకొండులో ఆరుగురిని కాపాడినవాళ్లకు ఆ యంత్రం వాడటంలో శిక్షణ లేదు, అందులో ముగ్గురు మాత్రం డాక్టర్లు. యంత్రమే మాట్లాడి దారి చెబుతుంది, గుండె లయను తానే చూసి అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు. మరి శిక్షణ ఎందుకంటే, ఆ యంత్రం ఎక్కడుందో తెలిసి, దాన్ని తెచ్చేలోగా నొక్కుతూ ఉండటానికి. మూడో అంతస్తులో మనిషి పడిపోతే, హెచ్‌ఆర్ మేనేజరు గదిలో తాళం వేసిన బీరువాలో ఉన్న ఏఈడీ లేనట్టే లెక్క.

ధర మాటకొస్తే, మన దేశంలో ఒక ఏఈడీకి సుమారు లక్ష రూపాయలు పెట్టాలి. పైగా ప్యాడ్‌లకూ బ్యాటరీకీ గడువు ఉంటుంది, మార్చకపోతే గోడ మీది అలంకారమే. ఇద్దరు ముగ్గురు పనివాళ్లున్న కిరాణా కొట్టును కొనమనడం అన్యాయం. ఒక మార్కెట్ యార్డుకో, ఒక అపార్ట్‌మెంట్ల సముదాయానికో, ఒక ఆటోనగర్‌కో కలిసి ఒకటి పెట్టుకోవచ్చు. అది లేకపోయినా నొక్కడానికి ఖర్చేమీ లేదు. సాధన చేసేటప్పుడు అసలు మనుషులనే కలపాలి. రాత్రి షిఫ్టులో ఉండేది మేనేజర్లు కారు. గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు, డ్రైవర్లు, చాలామంది కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లు. శిక్షణ జాబితాలో ముందుగా కొట్టేసేది కూడా వాళ్ల పేర్లే. చెప్పకుండా ఒక మధ్యాహ్నం బొమ్మను మెట్ల దగ్గర పడేసి, మొదటి చేయి ఛాతీ మీద పడటానికి ఎంతసేపు పట్టిందో, 112కో 108కో ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది ఎవరో, గేటు దగ్గర అంబులెన్స్‌కు దారి చూపడానికి ఎవరు నిలబడ్డారో, లిఫ్టును కింద ఎవరు ఆపి ఉంచారో రాసుకుంటే ఆ సంస్థ శిక్షణ విలువ తేలిపోతుంది.

ఇవన్నీ సక్రమంగా జరిగినా చాలామంది బతకరు. ఇది దాచి శిక్షణ ఇవ్వడం నేర్చుకున్నవాళ్లకు ద్రోహం. కళ్ల ముందు రోజూ కనపడే మనిషి ఛాతీ మీద పావుగంట నొక్కి, కింద ఎముక కదలడం చేతికి తెలిసి, చివరికి అతను పోయాడని విన్న ఉద్యోగి ఆ రాత్రి తన చేతులనే తప్పుపట్టుకుంటాడు. అప్పటికే గుండె ఆగి ఉంది కాబట్టి అతని వల్ల పోయిందేమీ లేదని తెలిసినవాళ్లు అతనికి విడమరిచి చెప్పాలి. మర్నాడు అతనికి డ్యూటీ వేయాలా సెలవివ్వాలా, అతనితో మాట్లాడేది ఎవరు అన్నది కూడా ఆ సాధన కాగితంలోనే, లిఫ్టు ఆపేవాడి పేరు కిందే, ముందుగా రాసి ఉండాలి.